చెత్త తీతకు పది నిమిషాలు

వాగు ఒడ్డుకు రాగానే పున్నమ్మ ముందు పుల్ల గుచ్చుతుంది.

ఎండిన పత్తి పుల్ల, జానెడు పొడవు. నీటి అంచు మట్టిని ఎక్కడ తాకుతుందో సరిగ్గా అక్కడ గుచ్చుతుంది. లేచి చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంటుంది. దోసెడు నీళ్లు ముఖాన చల్లుకుంటుంది. వెనక్కి తిరిగి తలలు లెక్కపెడుతుంది. ఇరవై రెండు. మళ్లీ వంగి పుల్లను చూస్తుంది. నీరు పుల్ల దాటి రాకపోతే "దిగండే" అంటుంది. దాటి వస్తే ఏమీ అనదు, చెయ్యి అడ్డంగా చాపుతుంది. ఆ చెయ్యి దాటి ఎవరూ అడుగెయ్యరు.

మిరప కోతలున్నన్నాళ్లూ తెల్లారి ఇదే. తొమ్మిదేళ్లుగా ఇదే.

పున్నమ్మది పర్చూరు దగ్గర పల్లె. పదిహేడో ఏట సంజీవరావును చేసుకుని ఈ పేటకు వచ్చింది. పేటలో అరవై గడపలు, ఒక చిన్న చర్చి. ఆమెకు చదువు లేదు, గొంతు పెద్దది కాదు, ఎవరినీ తిట్టదు. అయినా ముఠా మేస్త్రి అయింది. దానికి కారణం అడిగితే పేటలో వాళ్లు ఒకటే చెప్తారు: పున్నమ్మ తొందరపడదు. డిసెంబరులో కాయ ఎరుపెక్కగానే రైతులు ఆమె గుమ్మం ముందుకు వస్తారు. ఎవరి చేలో ముందు, ఎవరి చేలో తర్వాత అన్నది ఆమె నోటి మాట. ఎకరా చూసి ఎన్ని టిక్కీలు, అంటే ఎన్ని గోనె బస్తాల కాయ దిగుతుందో చెప్పగలదు. చెప్పింది పెద్దగా తప్పదు.

పేటకూ చేలకూ మధ్య తుమ్మలవాగు. పెద్ద కాలువ నీళ్లు కొన్ని చిన్న పవర్ హౌస్ గుండా కిందికి పడి ఆ వాగులోకి వస్తాయి. యంత్రం ఆగి ఉంటే వాగు మోకాలి లోతు. యంత్రం తిరిగితే గుండెల దాకా వస్తుంది, అదీ నిలువనివ్వని ఉరవడితో. వెనకటి చప్టా ఒకటి ఉండేది. వరదకు కొట్టుకుపోయి రాళ్లు మిగిలాయి. ఆ రాళ్ల మీద దాటితే చేను అరకిలోమీటరు. వంతెన చుట్టూ తిరిగితే ఐదు. సాయంత్రం ఇబ్బంది లేదు, కోసిన కాయను కల్లానికి తెచ్చే ట్రాక్టరు మీద వంతెన మీదుగా వచ్చేస్తారు. పొద్దున కూడా ట్రాక్టరు పంపమని అడిగితే రైతు యలమంద, "డీజిలు మీ చర్చిలో పోస్తారా?" అంటాడు.

తొంభై ఎనిమిదిలో ఒక పొద్దున పున్నమ్మ తోటికోడలు మరియమ్మ ఆ రాళ్ల మీద నడుస్తోంది. అందరికంటే వెనక. నెత్తిన క్యారేజీ. ముందు నడిచేవాళ్లకు నీళ్లు పెరిగిన చప్పుడు వినిపించింది. వెనక్కి తిరిగి చూసేసరికి క్యారేజీ ఒక్కటే తేలుతూ పోతోంది. మనిషి రెండు కిలోమీటర్ల దిగువన, జమ్ములో దొరికింది.

నెల తిరక్కుండా ఒడ్డున బోర్డు పాతారు. ఇచ్చట వాగు దాటరాదు. ఇనప గుంజకు ఎర్ర రంగు వేశారు.

తర్వాత వారమే గంట మొదలైంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఒక పొద్దున వాళ్లు సగం వాగులో ఉండగా పవర్ హౌస్ దగ్గర వేలాడదీసిన రైలుపట్టా ముక్క మోగింది. రెండు దెబ్బలు వెంటవెంటనే. కాస్త ఆగి మూడోది. బెదిరిపోయి ఒడ్డెక్కారు. పది నిమిషాలకు నీళ్లు వచ్చాయి. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మూడో రోజుకు అందరికీ అర్థమైంది. గంట మోగనంతసేపూ దాటొచ్చు. మోగితే ఒడ్డెక్కాలి.

కొట్టేది ఉస్మాన్. పవర్ హౌస్ ఆపరేటరు. మరియమ్మ పోయిన పొద్దున యంత్రం తిప్పింది కూడా అతనే. ఆ సంగతి అతను ఏనాడూ ఎత్తలేదు, పున్నమ్మా ఎత్తలేదు. కుడి భుజానికి పాతనొప్పి కాబట్టి మూడో దెబ్బకు సుత్తి చెయ్యి మార్చుకుంటాడు. అందుకే అది ఎప్పుడూ ఆలస్యం.

ఆరున్నరకు యంత్రం తిప్పాలని అతనికి పైనుంచి ఆర్డరు. ఆరున్నరకు గంట కొట్టి, ఆరూ నలభైకి తిప్పుతాడు. ఆ పది నిమిషాలకూ లాగ్ బుక్కులో ఏదో ఒకటి రాయాలి. కాలువ జాలీకి పట్టిన చెత్త తీత, పది నిమిషాలు. డిసెంబరు నుంచి మార్చి దాకా, తొమ్మిదేళ్లు, రోజూ అదే రాశాడు. ఇది పున్నమ్మకు ఒక్కదానికే తెలుసు. ఒకసారి చింతపండు ఇవ్వడానికి వెళ్తే నవ్వుతూ చెప్పాడు. "మన జాలీకి పట్టినంత చెత్త రాష్ట్రంలో ఎక్కడా పట్టదు చెల్లాయ్."

రెండు వేల ఏడు జనవరిలో పంచాయతీ గోడకు ఒక కాగితం అంటించారు. పున్నమ్మ కోడలు జాస్మిన్ చీరాల పిల్ల, పది పాసయింది. పెళ్లయి ఏడాది కాలేదు. వాగంటే ఇప్పటికీ భయం, అత్తగారి చెంగు పట్టుకునే దాటుతుంది. ఆ పిల్లే చదివింది.

"పవర్ హౌస్ బాగు చేస్తారంట అత్తయ్యా. ఒక యంత్రం తీసి రెండు పెడతారంట. ప్రజల అభిప్రాయం చెప్పమంటున్నారు. ఇరవై నాలుగో తారీకు, మండలాఫీసు ముందు."

"ఇంకేం రాశారు?"

"ఇదుగో, ఇక్కడ. దూరం నుంచి నడుపుతారంట. మనిషి ఉండడంట. హైదరాబాదులో మీట నొక్కితే ఇక్కడ తిరుగుద్దంట. కరెంటు ఎప్పుడు అవసరమైతే అప్పుడు."

"ఎప్పుడు అవసరమైతే అప్పుడా?"

"అట్టాగే రాశారు."

పున్నమ్మ కాగితాన్ని తాకి చూసింది. ఇంకా తడి ఆరని జిగురు వేలికి అంటింది. చీరకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

ఆ రోజు చేలో ఆమె చేతులు ఎప్పటిలా ఆడలేదు. పండు కాయతో పాటు పచ్చికాయ కూడా తెంపింది. పక్క సాలులో ఉన్న మస్తాన్‌బీ చూసి ఊరుకోలేదు. ముఠాలో నోరున్న మనిషి ఆమె.

"ఏందక్కా, కళ్లు కనపడటంలా? ఆ కాయ ఇంకా పాలు తాగుతా ఉంది."

పున్నమ్మ చేతిలో పచ్చికాయను చూసి కొంగులో వేసుకుంది. హైదరాబాదులో మీట నొక్కే మనిషి వేలు ఎలా ఉంటుందో అనుకుంటోంది. ఆ మనిషికి జాస్మిన్ కనపడదు. మస్తాన్‌బీ కనపడదు. వాగు కనపడదు. అతనికి కనపడేది ఏమిటో ఎంత ఆలోచించినా ఆమెకు తోచలేదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర యలమంద వచ్చి గట్టున కూర్చున్నాడు.

"ఇరవై నాలుగున మీటింగంట. మీరంతా రండి, జనం కనపడాలి. కాలువ నీళ్లు తగ్గకూడదని నేను మాట్లాడతా. మీరు చప్పట్లు కొట్టండి."

"నేనూ ఒక మాట అడగాలండి," అంది పున్నమ్మ.

"ఏం మాట?"

"వాగు మాట."

యలమంద నోట్లో చుట్ట తీసి కింద నలిపాడు. "వాగు మాట ఎత్తావంటే చేజేతులా చెడగొట్టుకున్నట్టే. అక్కడ దాటకూడదని బోర్డుంది. దాటుతున్నామని నువ్వే చెప్తే రేపే ముళ్లకంచె వేస్తారు. అప్పుడు నా కాయ ఎవరు కోస్తారే, మీ ఫాదరు కోస్తాడా?"

"వాళ్లది ఫాదరు కాదండి, పాస్టరు గారు," అంది మస్తాన్‌బీ. "తురకదాన్ని, నాకే తెలుసు, మీకు తెలీదు."

అందరూ నవ్వారు. యలమంద కూడా నవ్వాడు. పున్నమ్మ నవ్వలేదు.

సాయంత్రం ట్రాక్టరు దిగి ఇంటికి పోకుండా పవర్ హౌస్ వైపు నడిచింది. ఉస్మాన్ క్వార్టరు ముందు గోడమీద కూర్చుని భుజానికి నూనె రాసుకుంటున్నాడు. ఆమెను చూసి చొక్కా వేసుకున్నాడు.

"కాగితం సంగతేనా?"

"అవును అన్నాయ్."

"నన్ను ఇక్కడ్నుంచి మారుస్తారు. పద్నాలుగు నెలలుంది నా సర్వీసు. ఏదో ఒక మూల గడిచిపోద్ది."

"నీ తర్వాత గంట?"

ఉస్మాన్ వాగు వైపు చూశాడు. యంత్రం తిరుగుతోంది. గోడ సన్నగా వణుకుతోంది, కూర్చున్నవాళ్లకే తెలిసేంత.

"నేను మీటింగులో చెప్తా," అంది పున్నమ్మ. "గంట కొట్టే మనిషిని ఉంచమని."

"గంట సంగతి చెప్పావంటే పది నిమిషాల సంగతి బయటికొస్తది. తొమ్మిదేళ్ల దొంగ లెక్క చెల్లాయ్. చెత్త కాదు, కరెంటు పోగొట్టానంటారు. పెన్షను ఆపుతారు. ఇంకా ఏం చేస్తారో నాకే తెలీదు." నూనె చెయ్యి తుడుచుకోవడానికి గుడ్డ వెతుక్కున్నాడు. గుడ్డ పక్కనే ఉంది, కనపడలేదు. "వంతెన అడుగు. వంతెన అడగటం తప్పు కాదు. నా గంట మాత్రం ఎత్తొద్దు. మాట ఇవ్వు."

పున్నమ్మ గుడ్డ అందించింది. "ఎత్తను," అంది.

ఇంటికి వచ్చి సంజీవరావుకు చెప్పింది. పత్తికి మందులు కొట్టీ కొట్టీ అతని ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇప్పుడు అరుగు మీద కూర్చుని చర్చి తాళం చూసుకుంటాడు. అంతా విని, దగ్గి, ఊపిరి అందాక అన్నాడు:

"చెప్తే అతను మునుగుతాడు. చెప్పకపోతే మీరు మునుగుతారు."

"తెలుసు."

"తెలిస్తే నన్నెందుకు అడుగుతావ్?"

"అడగలేదు. చెప్పాను."

ఇరవై నాలుగు వచ్చింది. ఆ రోజు కోత లేదు. యలమంద ట్రాక్టరు పొద్దున్నే పేటకు వచ్చింది. డీజిలు మాట ఎవరూ ఎత్తలేదు. మండలాఫీసు ముందు శామియానా, ఎర్ర కుర్చీలు, నీళ్ల ప్యాకెట్ల గంపలు, పులిహోర పొట్లాలు. వేదిక మీద జిల్లా నుంచి వచ్చిన పెద్ద అధికారి ఒకాయన, కంపెనీ తరఫున కళ్లజోడు ఇంజనీరు, రాసుకునే గుమాస్తా. శామియానా చివర గుంజ దగ్గర పవర్ హౌస్ సిబ్బంది నిలబడ్డారు. వాళ్లలో ఉస్మాన్ ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. పున్నమ్మ వైపు చూడలేదు.

ఇంజనీరు పటం చూపించాడు. అందులో వాగు నీలం గీత. ఆ గీత మీద మనుషులు లేరు.

ఒకాయన లేచి తన కొడుక్కి ఉద్యోగం కావాలన్నాడు. ఇంకొకాయన శ్మశానం దారి మాట్లాడాడు. దానికీ పవర్ హౌస్‌కీ ఏమిటి సంబంధమని ఎవరో అరిస్తే, "చివరికి అందరం పోయేది అక్కడికేగా," అన్నాడు. యలమంద కాలువ నీళ్ల గురించి చక్కగా మాట్లాడాడు. ముఠా చప్పట్లు కొట్టింది. ప్రతి మాటకూ పెద్ద అధికారి, "మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం," అన్నాడు. ఆయన విసుక్కోలేదు. తల వంచి నిజంగానే వింటున్నాడు. అది చూసే పున్నమ్మ లేచింది.

మైకు ఎవరో చేతికిచ్చారు. చల్లగా, బరువుగా ఉంది.

"పేరు చెప్పమ్మా."

"పున్నమ్మండి. పేట. మిరప కోతల మేస్త్రిని." రాత్రంతా కూడబలుక్కున్న మాట అంది. "మాకు తుమ్మలవాగు మీద వంతెన కావాలండి. చప్టా ఉన్న చోట."

ఇంజనీరు పటం మీదికి వంగాడు. "అక్కడ దాటకూడదని బోర్డు ఉంది కదమ్మా?"

"ఉందండి. దాన్ని పట్టుకునే దిగుతాం."

శామియానా అంతా నవ్వింది. యలమంద తల పట్టుకున్నాడు. పెద్ద అధికారి నవ్వలేదు.

"యంత్రం ఇప్పుడూ రోజూ నడుస్తోంది. మరి ఇప్పుడెలా దాటుతున్నారు? ప్రమాదం లేదా?"

పున్నమ్మ నోరు తెరిచింది. ఉస్మాన్ కాళ్లు మాత్రమే కనపడుతున్నాయి, ముందు నిలబడ్డవాళ్ల సందులోంచి. పాలిష్ పెట్టిన చెప్పులు.

"పుల్ల గుచ్చి చూస్తామండి."

"పుల్లా?"

"పత్తి పుల్లండి. నీళ్ల అంచున గుచ్చుతాం. నీరు పుల్ల దాటి రాకపోతే దిగుతాం."

"ఎన్నాళ్లుగా?"

"తొమ్మిదేళ్లుగా."

"ఈ తొమ్మిదేళ్లలో ఎవరికైనా ఏమైనా అయిందా?"

"లేదండి."

అడిగిన ప్రతిదానికీ నిజమే చెప్పింది. చెప్పిన ప్రతి నిజమూ ఆమె కాళ్ల కింది మట్టిని కొంచెం కొంచెం తీసుకుపోయింది. గుమాస్తా గబగబా రాసుకున్నాడు. "చాలా మంచి పద్ధతి," అన్నాడు ఇంజనీరు, మెచ్చుకోలుగానే.

వచ్చి కూర్చుంది. మస్తాన్‌బీ చెవిలో అంది, "బాగా చెప్పావక్కా. ఇక వంతెనెందుకు, మనిషికో పుల్ల పంచుతార్లే."

ఎండ శామియానా అంచు దాటి కాళ్ల మీదికి వచ్చింది. ఇంకా ఎవరెవరో మాట్లాడారు. పున్నమ్మకు ఒక్క ముక్క వినపడలేదు. మూడు గంటలకు పెద్ద అధికారి, రాసింది అందరికీ చదివి వినిపించాలి, అది నిబంధన అన్నాడు. జనం అప్పటికే సగం లేచిపోయారు. గుమాస్తా ఒకే గొంతుతో చదువుకుంటూ పోయాడు. ఉద్యోగాలు. శ్మశానం. కాలువ నీళ్లు.

"తుమ్మలవాగు దాటు కూలీలు నీటి మట్టమును తామే గమనించుకొను పద్ధతి కలిగియున్నారు. తొమ్మిది సంవత్సరములుగా ప్రమాదములు లేవు. వంతెన కోరినారు. వీలును బట్టి పరిశీలించవచ్చును."

పక్కన జాస్మిన్ ఆమె చెంగు పట్టుకుని కూర్చుంది. వాగులో పట్టుకున్నట్టే. ఇక్కడ నీళ్లు లేవు, అయినా పట్టుకుంది. అలవాటు.

పున్నమ్మ లేచింది.

"అది కొట్టెయ్యండయ్యా."

మైకు లేదు. గొంతు పెద్దది కాదు. గుమాస్తా చదవడం ఆపలేదు. ఆమె కుర్చీల మధ్యనుంచి నడిచి వేదిక ముందుకు వెళ్లింది.

"కొట్టెయ్యండి. పుల్ల మాట కొట్టెయ్యండి."

"ఏమ్మా, నువ్వు చెప్పిందేగా?" అన్నాడు పెద్ద అధికారి.

"నేను చెప్పిందేనండి. సగమే చెప్పా. పుల్ల నీళ్లు వచ్చాక చెప్పుద్ది. రాకముందు చెప్పదు. సగం వాగులో ఉన్నప్పుడు వెనక్కి వచ్చి పుల్లను చూడలేం గదా. రాకముందు చెప్పేది గంట."

"ఏ గంట?"

"పవర్ హౌస్ గంటండి. మూడు దెబ్బలు. అది మోగితే ఒడ్డెక్కుతాం. అది లేనప్పుడు మా తోటికోడలు పోయింది. అది వచ్చాక ఎవరూ పోలేదు. రెండు యంత్రాలు పెట్టుకోండి, నాలుగు పెట్టుకోండి. గంట కొట్టే మనిషిని మాత్రం తీసెయ్యొద్దు. అది రాయండి."

ఇంజనీరు కళ్లజోడు తీశాడు. "ఎవరు కొడతారు గంట?"

పున్నమ్మ తలెత్తి చూసింది. పైన శామియానా గుడ్డ గాలికి లేచి పడింది.

"నేనే కొడతానండి," అని వెనకనుంచి మస్తాన్‌బీ లేచింది. "నాకు కాస్త చేతుల దురద. మా ఆయన్ని అడగండి."

నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లో ఆ ప్రశ్న కొట్టుకుపోయిందనే అనిపించింది. ఇంజనీరు కూడా నవ్వి, మామూలుగా, ఊరికే అడిగినట్టు అడిగాడు:

"గంట మోగాక నీళ్లు ఎంతసేపటికి వస్తాయి?"

"పది నిమిషాలకండీ," అంది జాస్మిన్. సాయం చేస్తున్నాననుకుంది. "సరిగ్గా పది నిమిషాలు."

ఇంజనీరు ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కానీ లోపల ఎవరో దీపం తీసేసినట్టయింది. ముందున్న ఫైలు దగ్గరికి లాక్కున్నాడు. ఒక కాగితం తిప్పాడు, ఇంకొకటి తిప్పాడు. ఆ పవర్ హౌస్ తెల్లారి పూట పది నిమిషాలు ఎందుకు ఆలస్యమవుతుందో కనుక్కోవాలని అతను బహుశా చాలాకాలంగా చూస్తున్నాడు. చూపుడువేలు ఒకచోట ఆగింది.

"చెత్త తీత," అన్నాడు. ఎవరితోనూ కాదు.

తలెత్తి గుంజ వైపు చూశాడు. ముందున్నవాళ్లు పక్కకు జరిగారు. ఉస్మాన్ ఒక్కడే మిగిలాడు. ఇస్త్రీ చొక్కా చంకల దగ్గర తడిసింది. పున్నమ్మకు నేల మీద చూపు నిలవలేదు, అతని మీదా నిలవలేదు.

"సార్," అన్నాడు ఉస్మాన్. గొంతు సరిచేసుకున్నాడు. "చెత్త కూడా తీస్తానండి."

ఎవరూ నవ్వలేదు.

పెద్ద అధికారి గుమాస్తాతో అన్నాడు, "రాసుకో. హెచ్చరిక గంట, దాన్ని కొట్టే మనిషి, పది నిమిషాల వ్యవధి కొత్త ఏర్పాటులో కూడా ఉండాలని కూలీలు కోరారు. పుల్ల సంగతి కొట్టెయ్." గుమాస్తా రెండు గీతలు గీశాడు. గీతల చప్పుడు పున్నమ్మకు వినపడింది.

ఇంజనీరు ఫైలు మూశాడు. "ఉస్మాన్ గారూ, మీరు జీపెక్కండి. మిగతాది ఆఫీసులో మాట్లాడుకుందాం."

గారూ అన్నాడు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

జీపు దగ్గరికి పరుగెత్తింది. ఉస్మాన్ వెనక సీట్లో కూర్చున్నాడు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని.

"అన్నాయ్."

అతను చూశాడు. కోపం లేదు. కోపం ఉంటే ఏదో ఒకటి అనేవాడు. జీపు కదిలింది.

ట్రాక్టరు మీద తిరిగి వస్తుంటే యలమంద అన్నాడు, "ముసలాడి నోట్లో మట్టి కొట్టావ్. కంచె ఎటూ వస్తది, చూస్తా ఉండు." జాస్మిన్ దారంతా ఏడుస్తూనే ఉంది. "నాకు తెలీదత్తయ్యా. చెత్త సంగతి నాకు తెలీదు."

"నీకు తెలీదు," అంది పున్నమ్మ. "నాకు తెలుసు. ఊరుకో."

పొద్దు వాలాక క్వార్టరు దాకా వెళ్లింది. తాళం వేసి ఉంది. గోడ మీద నూనె సీసా ఉంది. మూత లేదు. మూత వెతికి పెట్టి వచ్చింది.

మర్నాడు ఇరవై ఐదు. మంచు దట్టంగా ఉంది. ఎప్పటిలాగే ఆరుంపావుకు ఒడ్డుకు చేరారు. పున్నమ్మ వంగి పుల్ల గుచ్చింది. లేచి కుచ్చిళ్లు దోపుకుంది. ముఖం మీద నీళ్లు చల్లుకుంది. తలలు లెక్కపెట్టింది. ఇరవై రెండు. వంగి చూసింది. పుల్ల పొడిగానే ఉంది.

వాగు మోకాలి లోతున, రాళ్ల మధ్య మెల్లగా పోతోంది. గంట మోగలేదు. మోగనంతసేపూ దాటొచ్చు. నిన్నటిదాకా అలాగే దాటారు. నిన్నటిదాకా ఆ నిశ్శబ్దం వెనక ఒక మనిషి ఉన్నాడు, సుత్తి చేతిలో పట్టుకుని, మంచులోకి చూస్తూ. ఇవాళ ఉన్నాడో లేడో ఎవరికి తెలుసు? వేరే ఎవరో వచ్చి, ఆరున్నర కాగానే, ఆర్డరు ప్రకారం, గంట సంగతే తెలియక యంత్రం తిప్పితే ఆ నిశ్శబ్దమూ ఇలాగే ఉంటుంది. ఈ రెంటికీ తేడా చెవికి తెలీదు. పవర్ హౌస్ వైపు చూసింది. మంచులో అది లేనే లేదు.

ఇరవై రెండు మందీ ఆమె నోటి వైపు చూస్తున్నారు. జాస్మిన్ చెంగు పట్టుకుంది.

పున్నమ్మ దిగండే అనలేదు. చెయ్యీ చాపలేదు. వంగి పుల్ల పీకింది.

"వంతెన మీదుగా పోదాం."

"ఐదు కిలోమీటర్లక్కా," అంది మస్తాన్‌బీ. "యలమంద సగం కూలి కోస్తాడు."

"కొయ్యనీ."

మస్తాన్‌బీ వాగును చూసింది, పవర్ హౌస్ ఉండాల్సిన చోటు చూసింది. ఆమెకూ అర్థమైంది. క్యారేజీ ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. "పదండే," అంది వెనకవాళ్లతో. "నా చెప్పు తెగిందంటే మాత్రం ఆ ఇంజనీరు చేతే కుట్టిస్తా."

గట్టు వెంట నడిచారు. బోర్డు గుంజ మంచులో వెనకబడిపోయింది. అరకిలోమీటరు పైనే నడిచి ఉంటారు. అప్పుడు వినపడింది.

రెండు దెబ్బలు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. పున్నమ్మ ఆగిపోయింది.

మూడోది.

"ఉస్మాన్ మామే అత్తయ్యా!" జాస్మిన్ ముఖం వెలిగింది. "ఉన్నాడు. అక్కడే ఉన్నాడు. వెనక్కి పోదామా?"

"గంట మోగితే ఒడ్డెక్కాలి గదే," అంది పున్నమ్మ. "దిగటానికి కాదు."

ఇవాళ ఉన్నాడు. రేపటి మాట ఆ మూడు దెబ్బల్లో లేదు. రేపు కూడా ముందు గంట కోసం చెవి పెట్టాలి, మోగకపోతే దాని అర్థమేమిటో వెతుక్కోవాలి. ఆమె దారి పక్కకు జరిగి నిలబడింది. మంచులోంచి ఒక్కొక్కరే ముందుకు దాటిపోతుంటే, నీళ్లు లేని ఆ మట్టిదారి మీద, వేలు మడుస్తూ తలలు లెక్కపెట్టింది.

ఇరవై రెండు.

పుల్లను కొంగున ముడివేసుకుని వాళ్ల వెనక నడిచింది.